స్పానిష్ ‘ఆస్త్రొ’: రాయడం, పలకడం, సరైన చోట వాడడం

నెల్లూరులోనో ఒంగోలులోనో ఫోనులో ఒక యాప్ పెట్టుకొని స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థికి ఆకాశాన్ని గురించిన మాటల్లో మొదట పరిచయమయ్యేది సాధారణంగా ‘ఎస్త్రేయ’, అంటే నక్షత్రం. కొన్ని పాఠాలు గడిచాక ‘ఆస్త్రొ’ అనే మరో నామవాచకం ఎదురవుతుంది. స్పానిష్–ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే దానికి కూడా ‘స్టార్’ అన్న అర్థం కనబడుతుంది, దాంతో రెండూ ఒకటేనన్న అభిప్రాయం మనసులో పాతుకుపోతుంది. అవి ఒకటి కావు. ఈ మాటలను ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు నుంచి నేరుగా పట్టుకుంటే అర్థం, ఉచ్చారణ, వర్ణక్రమం మూడూ సులువుగా కుదురుతాయని నా అభిప్రాయం.

ముందుగా ఈ వ్యాసంలో స్పానిష్ మాటలను తెలుగు లిపిలో ఎలా రాస్తున్నానో చెప్పాలి, ఎందుకంటే మీ నోటుపుస్తకంలో కూడా ఇదే పద్ధతి పాటించమని సలహా ఇవ్వబోతున్నాను. స్పానిష్ మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, అంటే దాన్ని మిగిలినవాటి కంటే ఒత్తి పలుకుతారు. ఊనిక సంగతి చెప్పేచోట అక్షరమంటే ఒక అచ్చుతో కలిపి పలికే ముక్క, ఇంగ్లీషు అక్షరం కాదు. ఆ ఊనిక పడిన అచ్చుకు దీర్ఘం, మిగిలిన అచ్చులన్నిటికీ హ్రస్వం రాస్తున్నాను. ‘ఆస్త్రొ’లో మొదటి అక్షరం మీద, ‘ఎస్త్రేయ’లో రెండో అక్షరం మీద ఊనిక ఉందని దీర్ఘం చూడగానే తెలుస్తుంది. ‘ఎల్’, ‘ల’, ‘ఉన’ వంటి చిన్న మాటలకు ఈ నియమం వర్తింపజేయలేదు. పలికేటప్పుడు మాత్రం తెలుగు దీర్ఘమంత సాగదీయకూడదు, కాస్త ఒత్తి పలికితే చాలు. వర్ణక్రమం చెప్పవలసిన చోట మనకు బాగా అలవాటైన ఇంగ్లీషు అక్షరాల పేర్లే వాడుతున్నాను.

‘ఆస్త్రొ’ అంటే ఆకాశంలో ఉండే పిండం, ఏదైనా సరే. సూర్యుడు, చంద్రుడు, భూమి, అంగారకుడు, తోకచుక్క, నక్షత్రం అన్నీ ఆస్త్రొలే. ‘ఎస్త్రేయ’ వాటిలో ఒక రకం మాత్రమే, తనంతట తాను వెలిగేది. ఈ తేడా పట్టుబడిందో లేదో చూసుకోవడానికి ఒక వాక్యం చాలు: ‘ల లూన ఎస్ ఉన్ ఆస్త్రొ, పెరొ నొ ఎస్ ఉన ఎస్త్రేయ.’ చంద్రుడు ఒక ఖగోళ పిండమే కాని నక్షత్రం కాదు అని దీని భావం. సూర్యుడి విషయంలో రెండు మాటలూ చెల్లుతాయి. పత్రికలలోనూ వాతావరణ వార్తలలోనూ సూర్యుణ్ణి ‘ఎల్ ఆస్త్రొ రేయ్’ అని, అంటే ఆస్త్రొలలో రాజు అని అనడం పరిపాటి. శాస్త్ర రచనల్లో మరింత తటస్థంగా ‘కుయేర్పొ సెలేస్తె’ అనే రెండు మాటల పదబంధం కూడా వాడతారు. అది మన ‘ఖగోళ వస్తువు’కు సరిగ్గా సరిపోతుంది.

తెలుగులో ‘గ్రహం’ అనే మాట రెండు రకాలుగా వాడుకలో ఉంది కాబట్టి అనువాదంలో ఇక్కడ జాగ్రత్త అవసరం. బడిలో చదివే గ్రహాలు ఎనిమిది, వాటిలో సూర్యచంద్రులు లేరు. గుడిలో ప్రదక్షిణం చేసే నవగ్రహాల్లో సూర్యచంద్రులే కాక రాహుకేతువులూ ఉన్నారు. స్పానిష్‌లో ‘ప్లనేత’ అనే మాట మొదటి అర్థానికి మాత్రమే పనికివస్తుంది. ప్లనేతకు మూలమైన గ్రీకు మాటకు సంచరించేది అని అర్థం, ప్రాచీన గ్రీకులు సూర్యచంద్రులను కూడా ఆ లెక్కలోనే వేసేవారు; నేటి వాడుకలో ఆ అర్థం మిగలలేదు. కాబట్టి ‘ఈ ఏడాది గ్రహాలు అనుకూలంగా లేవు’ అన్న మన మాటను స్పానిష్‌లో చెప్పదలచుకుంటే ‘ప్లనేతస్’ అనకుండా ‘లొస్ ఆస్త్రొస్’ అనడమే సహజం. జాతకచక్రాన్ని ‘కార్త అస్త్రాల్’ అంటారు, ‘అస్త్రాల్’ ఆస్త్రొ నుంచి పుట్టిన విశేషణం.

ఇక వర్ణక్రమం. ఏ, ఎస్, టి, ఆర్, ఓ: ఐదు అక్షరాలు, అంతే. ‘టి’ పక్కన ‘హెచ్’ చేర్చడం, ‘ఎస్’ రెండుసార్లు రాయడం, ఏదో ఒక అచ్చు మీద గీత పెట్టడం తరచుగా కనిపించే పొరపాట్లు. ఇంగ్లీషు అలవాటుతో దీన్ని ‘ఆస్ట్రో’ అని పలుకుతారు, అది కూడా సరికాదు. స్పానిష్ ‘టి’ దంత్యం, మన ‘త’ వంటిది; నాలుక కొన పై పళ్ళ వెనుక తగలాలి. ‘శాస్త్రం’ అనే మాటలోని ‘స్త్ర’ను ఏ ప్రయత్నమూ లేకుండా పలకగల తెలుగువాడికి ఈ మాట కష్టం కాకూడదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు వారాల తరబడి సాధన చేసే ధ్వని మనకు పుట్టుకతోనే ఉంది, దాన్ని ఇంగ్లీషు ‘ట’ కోసం వదులుకోవడం నష్టం. మన ‘అస్త్రం’తో ఆస్త్రొకు ధ్వనిలో పోలిక ఉన్నా చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘అస్త్రుమ్’, దానికి ముందు గ్రీకులో ‘ఆస్త్రొన్’ దీని మూలాలు. చుట్టరికం ఉన్నది సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘తార’తో, దూరపు బంధువులే అయినా రెండూ ఒకే ఇండో–యూరోపియన్ మూలానికి చెందినవి.

బహువచనానికి చివర ‘ఎస్’ చేరిస్తే సరిపోతుంది: ఆస్త్రొస్. ముందు వచ్చే ఆర్టికల్ ఏకవచనంలో ‘ఎల్’, బహువచనంలో ‘లొస్’.

ఊనిక గీత ఎప్పుడు పెట్టాలి

తెలుగులో ఊనిక వల్ల మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. స్పానిష్ రాతలో మనవాళ్ళు ఎక్కువగా తప్పులు చేసేది ఇక్కడే. అచ్చు నెత్తిన పెట్టే ఆ వాలు గీతను ‘తీల్దె’ అంటారు, అది అలంకారం కాదు, అది లేకపోతే వర్ణక్రమం తప్పే. నియమం మాత్రం కష్టమైనది కాదు. మాట అచ్చుతో గాని, ‘ఎన్’తో గాని, ‘ఎస్’తో గాని ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద ఉంటుంది, మరే హల్లుతో ముగిసినా చివరి అక్షరం మీద ఉంటుంది. ఈ నియమం ప్రకారం నడిచే మాటకు గీత అక్కరలేదు, నియమం తప్పిన మాటకు గీత తప్పనిసరి. ఆస్త్రొ, ఎస్త్రేయ, ప్లనేత, కొమేత (తోకచుక్క), లుసేరొ (వేగుచుక్క) అన్నీ అచ్చుతో ముగిసి, చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక ఉన్నవే గనుక వేటికీ గీత లేదు.

చివరి నుంచి మూడో అక్షరం మీద ఊనిక ఉంటే ఎల్లవేళలా గీత ఉండాలి: సతేలితె (ఉపగ్రహం), ఓర్బిత (కక్ష్య), హూపితెర్ (బృహస్పతి), అస్త్రోనొమొ (ఖగోళ శాస్త్రవేత్త). ఇక్కడ నేను రాసిన దీర్ఘం ఎక్కడ ఉందో గీత కూడా ఆ అచ్చు మీదే వస్తుంది. మరుగుజ్జు గ్రహం ‘ప్లుతోన్’ ‘ఎన్’తో ముగిసి కూడా చివరి అక్షరం మీద ఊనిక కలిగి ఉంది గనుక దానికీ గీత కావాలి. నక్షత్ర రాశికి వాడే ‘కొన్స్తెలసియోన్’ మరీ ఆసక్తికరమైనది. ఏకవచనంలో చివరి ‘ఓ’ మీద గీత ఉంటుంది, ‘కొన్స్తెలసియోనెస్’ అని బహువచనం చేయగానే గీత పోతుంది. అక్షరం ఒకటి పెరగడంతో అదే ఊనిక చివరి నుంచి రెండో స్థానానికి చేరి, నియమంలో ఇమిడిపోవడమే కారణం. ‘అస్త్రొనొమీయ’, ‘అస్త్రొలొహీయ’ మాటల్లో చివరనున్న ‘ఐ’, ‘ఏ’ అచ్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా పలుకుతాయి గనుక ‘ఐ’ మీద గీత వేస్తారు. పాలపుంత పేరైన ‘బీయ లాక్తెయ’లో రెండు మాటలకూ గీతలున్నాయి, మొదటిదానికి ఈ చివరి కారణం, రెండోదానికి మూడో అక్షరపు కారణం. ఆ పేరుకు పాల దారి అనే అర్థం, మన ‘పుంత’ కూడా దారే.

కంప్యూటరులో ఈ గీతలు తెప్పించడానికి విండోస్‌లో ఆల్ట్ మీట నొక్కి ఉంచి కుడి పక్క అంకెల మీటలతో సంఖ్య కొట్టవచ్చు: 160 కొడితే గీతతో ఉన్న ‘ఏ’, 130 కొడితే ‘ఈ’, 161తో ‘ఐ’, 162తో ‘ఓ’, 163తో ‘యూ’ వస్తాయి. ఫోనులో ఇంత శ్రమ లేదు. కీబోర్డు భాషల్లో స్పానిష్ చేర్చుకొని, అచ్చు మీద వేలు కాసేపు ఉంచితే గీత ఉన్న రూపం పైకి వస్తుంది.

నెల్లూరు పేరుతో ‘ఎస్త్రేయ’ వర్ణక్రమం

‘ఎస్త్రేయ’ను ఈ, ఎస్, టి, ఆర్, ఈ, ఎల్, ఎల్, ఏ అని రాస్తారు. రాతలో రెండు ‘ఎల్’లు ఉన్నా పలుకుబడిలో ‘ల్ల’ లేదు. స్పానిష్‌లో జంట ‘ఎల్’ను స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ అత్యధికులు ‘య’గా పలుకుతారు, అర్జెంటీనా రాజధాని ప్రాంతంలో అది ‘ష’కు దగ్గరగా వినిపిస్తుంది. మన జిల్లా పేరే ఇందుకు మంచి ఉదాహరణ. రైల్వే బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్న నెల్లూరు పేరును ఏమీ తెలియని స్పానిష్ మనిషి చదివితే ‘నెయోరె’ అంటాడు. ఒంగోలు జాతి పశువుల నుంచి బ్రెజిల్‌లో పెంపొందిన జాతికి నెల్లూరు పేరే పెట్టారు, కాని పోర్చుగీసు రాతలో అందులో ఒకే ఒక ‘ఎల్’ ఉంటుంది. స్పానిష్ మాట్లాడే పరాగ్వే, బొలీవియా రైతులు కూడా అదే రాతను వాడతారు, అందువల్లే ఆ పశువు వాళ్ళ నోట ‘నెలోరె’గా నిలిచింది. నెల్లూరు విద్యార్థి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే నక్షత్రానికి ఎన్ని ‘ఎల్’లు, పశువుకు ఎన్ని అన్న సందేహం మళ్ళీ రాదు.

మాట మొదట్లోని ‘ఈ’ని వదిలేయడం మరో పొరపాటు. స్పానిష్‌లో ఏ మాటా ‘ఎస్’తోనూ దాని వెంటనే మరో హల్లుతోనూ మొదలు కాదు, ముందు ఒక అచ్చు చేరి తీరవలసిందే. లాటిన్ ‘స్తేల్ల’ ఇక్కడ ‘ఎస్త్రేయ’ అయింది అందుకే. మన పల్లెల్లో పెద్దవాళ్ళు ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనడంలో ఉన్న సూత్రమూ ఇదే. మనం దాన్ని మొరటు ఉచ్చారణగా చూస్తాం, స్పానిష్ దాన్ని వ్యాకరణంగా స్థిరపరచుకుంది. లాటిన్ మాటలో లేని ‘ఆర్’ మధ్యలో ఎలా వచ్చిందన్న ప్రశ్నకు, ‘ఆస్త్రొ’ ప్రభావమేనని భాషా పండితులు సాధారణంగా చెప్పే సమాధానం.

లుసేరొ, కొమేత, ఎల్, ల

‘లుసేరొ’ అనే మాటకు ఇంగ్లీషులో ఒక్క మాటలో సమానార్థకం దొరకదు, తెలుగులో దొరుకుతుంది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో తెల్లవారుజామున తూర్పున మెరిసేదాన్ని మనం వేగుచుక్క అంటాం కదా, స్పానిష్ వాళ్ళు దాన్ని ‘లుసేరొ దెల్ ఆల్బ’ అంటారు. ‘ఆల్బ’ అంటే వేకువ. నిజానికి అది శుక్రగ్రహం, నక్షత్రం కాదు. చుక్క అన్నా లుసేరొ అన్నా వాడుక ఈ భేదాన్ని పట్టించుకోదు. ఒక్క తేడా ఉంది. వేగుచుక్క వేకువకే పరిమితం, లుసేరొ మాత్రం సాయంత్రం పడమట కనిపించే శుక్రుడికీ చెల్లుతుంది, అప్పుడు ‘లుసేరొ బెస్పెర్తీనొ’ అని విడమరచి చెప్పాలి. ఇందులోని ‘సి’ అక్షరాన్ని లాటిన్ అమెరికాలో ‘స’గా, స్పెయిన్‌లో అధిక భాగంలో నాలుక కొనను పళ్ళ మధ్య ఉంచి గాలి వదులుతూ పలుకుతారు. పశువుల నుదుట ఉండే పెద్ద తెల్ల మచ్చను కూడా లుసేరొ అనే అంటారు. ఒంగోలు గిత్త ఒళ్ళు ఎక్కువగా తెలుపే గనుక దానికి ఈ మాటతో పెద్దగా పనిలేదు.

లింగం విషయంలో మన సంస్కారం అడ్డు వస్తుంది. తెలుగులో సూర్యుడూ చంద్రుడూ పురుషులే, అందువల్ల కొత్తగా రాసేవారు చంద్రుడి ముందు కూడా పుంలింగ ఆర్టికల్ ‘ఎల్’ పెట్టేస్తారు. స్పానిష్‌లో సూర్యుడు ‘ఎల్ సోల్’, చంద్రుడు ‘ల లూన’. పౌర్ణమి చంద్రుడు ‘లూన యేన’, విశేషణం కూడా స్త్రీలింగ రూపమే. ‘ఏ’తో ముగిసే మాటలన్నీ స్త్రీలింగమనే సూత్రాన్ని ‘ఎల్ ప్లనేత’ కాదంటుంది. అది గ్రీకు నుంచి వచ్చిన పుంలింగ పదం. ‘కొమేత’ ఇంకా గమ్మత్తైనది: ‘ఎల్ కొమేత’ అంటే తోకచుక్క, ‘ల కొమేత’ అంటే సంక్రాంతికి పిల్లలు ఎగరేసే గాలిపటం. హేలీ తోకచుక్క 1986లో వచ్చింది, మళ్ళీ 2061లో వస్తుంది. దాని గురించి రాస్తూ ‘ల’ పెట్టారంటే చదివేవారికి దారం చుట్టిన కాగితం గుర్తొస్తుంది. కాబట్టి నోటుపుస్తకంలో ఏ నామవాచకాన్నీ ఆర్టికల్ లేకుండా ఒంటరిగా రాసుకోవద్దు.

మనుషులకు వాడినప్పుడు కూడా ఈ లింగ నియమం పనిచేస్తుంది. ‘ఎస్త్రేయ’ను సినీతారలకు వాడతారు, ఆ తార మగవాడైనా మాట స్త్రీలింగంగానే ఉండి ‘ఉన ఎస్త్రేయ’ అనే అనాలి. ‘ఆస్త్రొ’ను ఎక్కువగా ఆటగాళ్ళకు వాడటం చూస్తాం. ఫుట్‌బాల్ వార్తల్లో లియొనెల్ మెస్సీని ‘ఎల్ ఆస్త్రొ అర్హెంతీనొ’ అనడం మామూలు, ఆకాశం గురించిన వార్త అనుకొని పొరబడవద్దు. జాతీయాల్లో మాత్రం ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. కాలికి రాయి తగిలి ప్రాణం పోయినంత నొప్పి కలిగితే మనకు చుక్కలు కనిపిస్తాయి, స్పానిష్ వాళ్ళు కూడా ‘బేర్ లస్ ఎస్త్రేయస్’, అంటే చుక్కలు చూడటం అంటారు. అక్కడ ‘ఆస్త్రొస్’ పెడితే ఎవరికీ అర్థం కాదు. అదృష్టవంతుణ్ణి గురించి ‘బుయేన ఎస్త్రేయ’ ఉన్నవాడు అంటారు, మంచి నక్షత్రాన పుట్టినవాడు అనే మన మాటకు అది దగ్గర.

పెద్దక్షరాల గురించి క్లుప్తంగా: ఆస్త్రొ, ఎస్త్రేయ, ప్లనేత సామాన్య నామాలు గనుక చిన్నక్షరంతోనే మొదలవుతాయి, గ్రహాల సొంత పేర్లు పెద్దక్షరంతో మొదలవుతాయి. సూర్యుడు, చంద్రుడు, భూమి పేర్లకు ఖగోళ శాస్త్ర సందర్భంలో పెద్దక్షరం, ఎండలో కూర్చున్నాం వంటి మామూలు మాటల్లో చిన్నక్షరం. వారాల పేర్లకు చిన్నక్షరమే. వాటిలో లూనెస్, మార్తెస్, మియేర్కొలెస్, హుయేబెస్, బియేర్నెస్ అనే ఐదు వరుసగా చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడి పేర్ల మీద ఏర్పడ్డాయి, అంటే మన సోమవారం నుంచి శుక్రవారం వరకు ఒక్కటీ తేడా లేకుండా సరిపోతాయి. ఇంగ్లీషు వారాలతో ఈ సౌకర్యం లేదు.

సాధనకు మనకు దగ్గరి విషయాలనే తీసుకోండి. శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, అక్కడి నుంచి లేచిన రాకెట్టు పొగచార ఇప్పటికీ నెల్లూరు మేడల మీద నుంచి కనిపిస్తూనే ఉంది. ‘రాకెట్టు ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది’ అనడానికి ‘ఎల్ కొఏతె పూసొ ఎల్ సతేలితె ఎన్ ఓర్బిత’ అని రాయాలి. కొఏతెలో ‘ఓ’ తర్వాత పలకని ‘హెచ్’ ఒకటి ఉంటుంది, మిగిలిన రెండు పేర్లకూ గీతలు ఉంటాయి. దాని తర్వాత ‘చంద్రుడు భూమికి సహజ ఉపగ్రహం’ అన్న వాక్యాన్ని రాసి చూడండి. సరైన రూపం ‘ల లూన ఎస్ ఎల్ సతేలితె నతురాల్ దె ల తియేర్ర’. ఇందులో గీత ఒకే ఒక చోట వస్తుంది, పెద్దక్షరం మొదటి ‘ల’తో పాటు లూనకూ తియేర్రకూ వస్తుంది, తియేర్రలో ‘ఆర్’ రెండుసార్లు రాయాలి.

చదవడానికి కానరీ దీవుల్లోని లా పాల్మా ద్వీపం మీద 10.4 మీటర్ల అద్దంతో పనిచేసే టెలిస్కోపును గురించి స్పానిష్ పత్రికలు రాసే వార్తలు అనువుగా ఉంటాయి. 2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం స్పెయిన్ మీదుగా వెళ్ళే గ్రహణం, భారతదేశంలో అప్పటికి రాత్రి. దాన్ని గురించి స్పానిష్‌లో వచ్చిన రాతలు సామాన్య పాఠకుడి కోసం రాసినవి గనుక వాక్యాలు మరీ కఠినంగా ఉండవు. వాటిలో ‘ఎల్ ఎక్లీప్సె’ అన్న మాట పుంలింగమని గమనించి, ‘ఆస్త్రొ రేయ్’ కనిపించిన ప్రతిచోటా రచయిత ఆ మాట బదులు ‘సోల్’ ఎందుకు రాయలేదో ఆలోచిస్తూ చదవండి. చాలా చోట్ల కారణం ముందు వాక్యంలోనే ‘సోల్’ ఒకసారి వచ్చి ఉండటం, ఒకే మాటను వెంటవెంటనే తిరిగి రాయడానికి స్పానిష్ పాత్రికేయులు ఇష్టపడకపోవడం.